మడమ ముందు

జూన్ 17, మంగళవారం

ఇన్నేళ్లలో నాకు డైరీ అవసరం రాలేదు. చెప్పుకోవలసినదంతా పొద్దున లేవగానే మోకాళ్ల మీద చెప్పుకునేదాన్ని. కీళ్లవాతం ఉన్న మోకాళ్లు బండకు ఆనితే నొప్పి పుట్టేది. ఆ నొప్పిలో మాటలు అలంకరించుకోవడానికి తీరిక ఉండదు. ఉన్నదే బయటికి వచ్చేది. ఇప్పుడు కుడి మోకాలు కొత్తది. దాని మీద ఆనడానికి లేదు. మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని ప్రార్థన చేస్తున్నాను. ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు దేవునితో మర్యాదగా, పైపైన మాట్లాడుతున్నాను. మొన్న ఆదివారం జరిగిన సంగతి ఇంతవరకూ చెప్పలేకపోయాను.

అందుకని సండేస్కూలు పాటల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను.

మా చర్చిలో జబ్బు నుంచి లేచినవాళ్లు తిరిగి వచ్చిన మొదటి ఆదివారం ముందుకు నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పాలి. చేతికర్రను బయట చెప్పుల దగ్గర గోడకు ఆనించి, లోపలికి ఉత్త చేతులతో నడిచాను. కర్ర తీసుకుపోకూడదని ఎవరూ అనలేదు. నేనే వదిలేశాను. చర్చి నేలంతా మా తాడిపత్రి బండలే, నున్నగా పాలిష్ పట్టినవి. పడకుండా ముందు దాకా వెళ్లాను. చీర కుచ్చిళ్ల కింద కాలు ఎట్లా పడుతోందో ఎవరికీ కనిపించలేదు.

అనుకుని వెళ్లింది రెండు మాటలే. ఆపరేషను బాగా జరిగింది, ప్రార్థించిన అందరికీ వందనాలు. అంతే. కాని అందరూ ఊపిరి బిగబట్టి నా కాళ్ల వైపు చూస్తుంటే నోట్లోకి వేరే మాట వచ్చింది.

"ఆసుపత్రిలో వ్యాయామం చెయ్యమన్నారు. నేను ప్రార్థన చేస్తానన్నాను. నన్ను నడిపించేది ప్రభువే."

హల్లెలూయా అంటూ చర్చి లేచి నిలబడింది. పాస్టరు యేసన్న అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో, నాతోపాటే ఆపరేషనైన పెద్దక్క లేవలేక, వాకర్ పక్కన పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలోనే ఉంది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే.

నేను శనివారం సాయంత్రం వ్యాయామం చేశాను. సోమవారం పొద్దున కూడా చేశాను.

జూన్ 18, బుధవారం

పెద్దక్క అని మేమంతా పిలిచే ఆమె మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. అరవై దాటింది. మొగుడు పోయాక కూలికి పోయి కొడుకును పెంచింది. ఇప్పుడు నాలుగు మేకలు పెట్టుకుంది. ఆపరేషను ఇద్దరికీ ఒకే వారంలో జరిగింది, వార్డులో మావి పక్క పక్క మంచాలు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నవ్వించింది ఆమే.

ఫిజియోథెరపీ అమ్మాయి ఆశ్రిత మొదటిసారి వచ్చినప్పుడు పెద్దక్క అడిగింది.

"మోకాలు డాక్టరు మార్చినాడు కదమ్మా, మళ్లా నీతో ఏం పని మాకు?"

"మోకాలే కొత్తది పెద్దమ్మా. తొడ మీది కండ పాతదే. ఆపరేషనుకు అది పడుకునేసింది. దాన్ని మనమే లేపాల."

"పడుకోనీలే, పాపం. ఇన్నేండ్లు చాకిరీ చేసింది."

వార్డంతా నవ్వింది. ఆశ్రిత కూడా నవ్వింది గాని వదల్లేదు. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి అదిమి తొడ బిగించమంది. మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు వంచమంది. కాలు నిటారుగా ఎత్తి పట్టమంది. తొడ వణికిపోయింది. నా శరీరంలో నా మాట వినని ముక్క ఒకటి ఉందని అప్పుడు తెలిసింది.

తర్వాత వరండాలో నడిపించింది. నడక కనపడాలి, చీర మోకాళ్ల దాకా ఎత్తుకోమంది. నేను ఎత్తలేదు. పెద్దక్క మాత్రం చీర పైకి దోపింది. "కలుపు తీసేటప్పుడు ఊరంతా చూసిన కాళ్లే ఇవి, చూస్కో."

ఆశ్రిత నా దగ్గర కూర్చుని మెల్లగా చెప్పింది. "ఆంటీ, మీరు మోకాలు వంచడంలేదు. నడుం ఎత్తి, కాలిని పక్క నుంచి తిప్పి వేస్తాండారు. నొప్పి ఉన్నన్నాళ్లూ అట్ల నడిచినారు కదా, అదే అలవాటైపోయింది. నొప్పి పోయినా ఆ నడక దానంతట అది పోదు. మడమ ముందు పెట్టండి, తర్వాత వేళ్లు. కాలు లేపేటప్పుడు మోకాలు వంచండి." ఇద్దరికీ వినిపించేలా ఇంకో మాట కూడా చెప్పింది. మొదటి మూడు నెలల్లో వంచకపోతే లోపల గట్టిపడిపోతుంది, ఆ తర్వాత మనం ఎంత ఏడ్చినా వంగదు అని.

ఇద్దరికీ చెప్పింది. పెద్దక్క కూడా విన్నది. అది రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 20, శుక్రవారం

తలుపు మూసుకుని చేస్తున్నాను.

జూన్ 22, ఆదివారం

అయ్యగారు నా సాక్ష్యాన్ని ఫోనులో తీసి అన్ని గ్రూపుల్లో పెట్టారట. రాయదుర్గం నుంచి మా ఆడబిడ్డ ఫోను చేసింది. అక్కడ జీన్సు కుట్టే షెడ్డులో ఆడవాళ్లంతా చూశారట. "వదినా, ఎంత బాగా నడిచినావు!" అంది. చీర ఏది కట్టుకున్నానో కూడా చెప్పింది.

సాయంత్రం మోకాళ్ల నొప్పులవాళ్లు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. ప్రార్థన చెయ్యమన్నారు. చేశాను. వాళ్ల మోకాళ్ల మీద చెయ్యి పెట్టి మరీ చేశాను. నిజంగానే చేశాను, కన్నీళ్లతో. ఆ ప్రార్థనలో అబద్ధం లేదు.

వాళ్లు వచ్చినప్పుడు నేను లోపల మంచం మీద కాలెత్తి పట్టుకుని ఉన్నాను. మా ఆయన జయరాజు వాళ్లను బయట కూర్చోబెట్టాడు. వాళ్లు పోయాక, ఒళ్లంతా ఉన్న బండల ఫ్యాక్టరీ పాలిష్ పొడి కడుక్కుంటూ అన్నాడు.

"నువ్వు లోపల కాలెత్తుకోని ఉండావు. నేను బయట, ప్రార్థనలో ఉండాది, రోంతసేపు కూచోండి అని చెప్పల్ల. నా నోటితోనా?"

"నేను చెప్పమన్లేదు కదా."

"అదే. నువ్వేమీ చెప్పమన్లేదు."

చెంబు బోర్లించి లోపలికి పోయాడు. ఆయన కోపం ఎప్పుడూ ఇంతే. ఎక్కువ మాటలుండవు.

జూన్ 26, గురువారం

రాయబుద్ధి కావడంలేదు. అయినా రాయాలి.

పొద్దున మడమ జరుపుడు చేశాను. ఇంటికి పోయాక రోజు రోజుకూ ఇంకా వంచమని ఆశ్రిత చెప్పి పంపింది కాబట్టి, దుప్పటి పాదానికి తగిలించి రెండు చేతులతో నా వైపు లాక్కున్నాను. ప్రాణం పోయినంత నొప్పి. "ప్రభువా, ప్రభువా" అంటూ మూలిగాను. ఆ మాట నొప్పికి వచ్చిందే. తలుపు తీసేసరికి గుమ్మం పక్కన అరుగు మీద పెద్దక్క కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడొచ్చినావు?"

"శానాసేపయింది. నువ్వు లోపల ప్రార్థనలో మూలుగుతాంటివి. తలుపు కొట్టబుద్ధి కాలేదు మ్మే. నీ ఏడుపు వింటా నేనూ ఈడ కూచోని ఏడ్చినా."

లోపల మంచం మీద దుప్పటి అట్లాగే పడి ఉంది. తలుపు వెనక్కి లాగాను.

"ఆ పాప చెప్పినవన్నీ మానేసినా," అంది పెద్దక్క. "నువ్వు చెప్పిన ఆదివారం నుంచే. నీ మాదిరే ప్రార్థన పట్టినా. తువ్వాలు తీసి ఐజాకుకు ఇచ్చేసినా, బండల లోడింగుకు పోయేటప్పుడు తలకు చుట్టుకోమని."

ఐజాక్ ఆమె కొడుకు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. వీధిలో ఎవరూ లేరు. ఇద్దరమే ఉన్నాం. నేను ఏమన్నానంటే, "రోంత రోంత చెయ్యి పెద్దక్కా, చేస్తే తప్పేం లేదు."

"రెండూ చేస్తే దేవుడు నమ్మనట్లనుకుంటాడేమో?"

"ఏమనుకోడులే."

"నువ్వు చేస్తాండావా?"

నేను కాఫీ పెట్టడానికి లోపలికి పోయాను.

జూన్ 29, ఆదివారం

చెయ్యమనే చెప్పాను కదా. రోంత రోంత చెయ్యి అన్నాను. అది చెప్పాను.

జూలై 3, గురువారం

గాలి ఆగడంలేదు. మబ్బులు వస్తాయి, గాలి వాటిని కర్ణాటక వైపు నుంచి తోసుకొచ్చి మన నెత్తి మీదుగా తోసుకుపోతుంది. ఇంట్లో ఎంత ఊడ్చినా దుమ్ము.

నాకు బయట నడవడానికని మా ఆయన పెరట్లో బండలు పరిచాడు. ఫ్యాక్టరీలో పగిలిపోయినవి అడిగి తెచ్చాడు. గరుకు వైపు పైకి తిప్పి వేశాడు. "నున్న వైపు పైన ఉంటే చూడ్డానికి బాగుంటాది, నడిస్తే పడతావు," అన్నాడు. ఊరికే అన్నాడో, నన్నే అన్నాడో అడగలేదు.

ఆ బండల మీద చీర ఎత్తి దోపుకుని నడుస్తున్నాను. మడమ, తర్వాత వేళ్లు. ఎవరూ చూడనప్పుడు బాగా వస్తోంది. వీధిలో మనిషి అలికిడి అయితే కాలు మళ్లీ పాతదారి పడుతుంది, పక్క నుంచి తిరుగుతుంది.

సాయంత్రం పెద్దక్క మేకలు తోలుకుని పోతుంటే చూశాను. వాకర్ వదిలేసింది. కర్ర పట్టుకుంది. ఆపరేషనైన కాలు రోకలి మాదిరి నిలువుగా పడుతోంది. ఒక చోట నిలబడి నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

జూలై 9, బుధవారం

ఇద్దరం ఒకే ఆటోలో ఆసుపత్రికి పోయాం.

ముందు నన్ను పిలిచారు. ఆశ్రిత కాలు వంచి చూసి, తొడ నొక్కి చూసి సంతోషపడింది. "ఆంటీ, ఎంత బాగా చేసినారు! కండ చూడండి ఎట్ల బిగిసిందో. ఒక్క పూట కూడా మానినట్ల లేదే." తెర అవతల పెద్దక్క ఉంది. నేను ఆశ్రిత చెయ్యి పట్టుకుని, మెల్లగా మాట్లాడమ్మా, అన్నాను. ఆ పాపకు అర్థం కాలేదు. పొగిడితే నాకు సిగ్గనుకుంది.

తర్వాత పెద్దక్క. ఆశ్రిత వంచబోయింది. వంగలేదు. ఇంకోసారి. పెద్దక్క పళ్లు కొరుక్కుంది.

"పెద్దమ్మా, చేస్తాండావా ఇంట్లో?"

"ప్రార్థన చేస్తాండా."

ఆశ్రిత డాక్టరును పిలిచింది. ఆయన చూసి, వచ్చే మంగళవారం చేర్చమన్నారు. మత్తు ఇచ్చి, వాళ్లే బలంగా వంచుతారట. లోపల అతుక్కున్నది అట్లా విడిపించాలట. ఆ తర్వాత కూడా రోజూ వంచకపోతే మళ్లీ అతుక్కుంటుందని, అప్పుడు తాము చెయ్యగలిగేది పెద్దగా ఉండదని అన్నారు. ఆశ్రిత నా వైపు తిరిగి, "ఆంటీ, మీరన్నా చెప్పండి, మీ మాట వింటాది," అంది.

నేను తెర మీది పూల బొమ్మల వైపు చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పెద్దక్క నా పక్కనే కూర్చుంది. బండల లారీలు దాటిపోతుంటే దుమ్ముకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగులోంచే మాట్లాడింది.

"నీ కాలు లేపినాడు, నా కాలు లేపలేదు. నాలోనే ఏదో ఉండాది మ్మే."

"అట్లనొద్దు."

"మా ఇంటాయన పోయినప్పుడు దేవుణ్ణి నోటికొచ్చినట్ల తిట్టినా. ఎవరికీ చెప్పలా. మట్టి తీసి ఆకాశం మీదికి కొట్టినా. అది మనసులో పెట్టుకోనుండాడేమో. నీకు మాత్రం చెప్తాండా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి పట్టుకుని ఇంటి దాకా వచ్చాను. ఏమీ చెప్పలేదు.

జూలై 10

రాయడానికి ఏముంది.

జూలై 12, శనివారం

చెప్పాను.

ఉదయం మంచం అంచున కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. దేవుని పేరు ఎత్తిన ప్రతిసారీ ఆకాశం మీదికి మట్టి కొడుతున్న పెద్దక్క కనిపించింది. ఆయన ఆమెను ఎప్పుడో క్షమించి ఉంటాడు. ఆమెకు అది తెలియకుండా అడ్డంగా నిలబడింది నేను. మా ఆయన ఇంకా పనికి పోలేదు. నా ముఖం చూసి కర్ర తెచ్చి చేతికిచ్చాడు. ఎక్కడికని అడగలేదు.

పెద్దక్క ఇంటి ముందు మేకలకు చెట్టుకొమ్మ కట్టి ఉంది. ఆమె వాకిట్లో కాలు చాపుకుని కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్లీ కాఫీ, కబుర్లు, అందులో జారిపోతాను.

"పెద్దక్కా, నేను వ్యాయామం మానలేదు. ఒక్క పూట కూడా మానలేదు. చర్చిలో చెప్పిన రోజుకు ముందూ చేసినా, తర్వాతా చేసినా. తలుపు మూసుకోని చేసినా. ఆ పొద్దు నువ్వు విన్నది ప్రార్థన కాదు. కాలు వంచుకుంటా మూలిగినా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె నోరు ఎట్లాంటిదో నాకు తెలుసు. రెండు వీధులూ వినేలా తిట్టినా పడాలనే వచ్చాను.

"అంటే," అంది మెల్లగా, "దేవునికి నా మీద కోపం లేదా?"

"లేదు పెద్దక్కా."

"నిజంగా?"

"నీ కాలు వంగనిది దేవుని వల్ల కాదు. నా వల్ల."

ఆమె కొంగు ముఖాన కప్పుకుని ఏడ్చింది. అది నా మీద కోపం కాదు. బరువు దించుకున్న మనిషి ఏడుపు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. నేను ఆమె ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడి, నా అబద్ధం ఒక ముసలామెను ఎన్ని వారాలు దేవుని ముందు దోషిగా కూర్చోబెట్టిందో చూస్తూ ఉన్నాను.

ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుంది. అప్పుడు తిట్టింది. అవి ఇక్కడ రాయను. చివరికి మాత్రం ఇట్లా అంది: "మూలిగేదానివి, మోకాలు నొస్తాండాదని అరిచి మూలగకూడదా? ప్రభువా ప్రభువా అంటా మూలిగితే ఎవరికి తెలుస్తాది మ్మే!"

నవ్వొచ్చింది. ఇద్దరికీ.

"నాకు చెప్పినావు సరే," అంది నేను వచ్చేస్తుంటే. "ఫోన్లలో చూసినోళ్లు? మన చర్చిలో ఇంకెవరు ఏం మానేసినారో నీకేం తెలుసు?"

జూలై 16, బుధవారం

నిన్న పెద్దక్కకు మత్తు ఇచ్చి వంచారు. ఈరోజు బాగా వాచింది. డాక్టరు అనుకున్నంత వంపు రాలేదట, కొంత వచ్చిందట. మిగిలింది ఆమె చేతిలో ఉందన్నారు. ఆశ్రిత మంచం దగ్గర నిలబడి, అక్కడే వ్యాయామం మొదలుపెట్టించింది. నేను పక్కన కూర్చుని దుప్పటి అందించాను. ఆ నొప్పి చూడలేక ముఖం తిప్పుకోబోయాను. తిప్పుకోలేదు.

జూలై 18, శుక్రవారం

అయ్యగారింటికి పోయి అంతా చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నారు. మంచి మనిషి. నా కోసం ఉపవాసం ఉన్న మనిషి.

"అమ్మా, ఆ సాక్ష్యం వల్ల శానామందికి విశ్వాసం పుట్టింది. ఇప్పుడు లేచి అబద్ధమంటే ఆ విశ్వాసం ఏం గావాల? వ్యాయామం కూడా దేవుని కృపతోనే చేసినా అని చెప్పు. అదీ నిజమే కదా."

అదీ నిజమే. ఎంత సులువుగా ఉంది. దారి పొడుగునా ఆ మాటనే అనుకుంటూ వచ్చాను. వ్యాయామం కూడా. కూడా.

జూలై 20, ఆదివారం

కర్రతోనే ముందుకు వెళ్లాను.

అయ్యగారు చెప్పిన మాటతోనే మొదలుపెట్టాను. "దేవుని కృపతో నేను వ్యాయామం కూడా..." అని. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆమెన్ అన్నారు. పెద్దక్క వెనక, తలుపు దగ్గర కుర్చీలో ఉంది. వాచిన కాలు స్టూలు మీద చాపుకుని ఉంది. ఆమె నన్ను కళ్లతో కూడా ఏమీ అడగలేదు. పాటల పుస్తకం చూసుకుంటోంది. నేను ఆగిపోయాను.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పోయిన నెల నేను ఇక్కడ నిలబడి చెప్పింది అబద్ధం. నేను రోజూ వ్యాయామం చేశాను, చేస్తున్నాను. మీకు గొప్పగా కనబడాలని దాచాను. ఆసుపత్రి వాళ్లు చెప్పినవి ఎవరైనా నా మాట విని మానేసి ఉంటే ఈరోజే మొదలుపెట్టండి. నన్ను క్షమించండి. పెద్దక్క పేరు చెప్పలేదు.

ఎవరో ఒకామె తన మోకాలి మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. అయ్యగారు పాట ఎత్తబోయి, ఏ పాటో తోచక ఆగిపోయారు.

నేను వెనక్కి తిరిగాను. తలుపు ఎంతో దూరంగా ఉంది. అందరి కళ్లూ నా కాళ్ల మీదే. నాకే తెలుస్తోంది, కాలు మళ్లీ పాతదారి పట్టింది. మోకాలు వంగడంలేదు. నడుం ఎగురుతోంది, కాలు పక్క నుంచి తిరిగి పడుతోంది. నున్నటి బండ మీద కర్ర కొంచెం జారింది.

"మడమా!"

పెద్దక్క గొంతు. మేకలను అదిలించే గొంతు.

"మడమ ముందు పెట్టు మ్మే! కుంటుకుంటా పోతాండావు చూడు!"

చర్చిలో ఎవరో పిల్ల కిసుక్కుమంది. తర్వాత ఇంకొకరు. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేక చేతి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను నిలబడి, చీర కాస్త ఎత్తి పట్టుకున్నాను. పాదం పైకి కనిపించేటంత. మోకాలు వంచి, కాలు లేపి, మడమ పెట్టాను. తర్వాత వేళ్లు. అట్లాగే తలుపు దాకా వెళ్లాను. ఎట్లా పడిందో అందరూ చూశారు.

ఈరోజు ఎవరూ ఫోను తియ్యలేదు. పాత సాక్ష్యం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. రాయదుర్గంలో ఏ షెడ్డులోనో నేను ఇంకా కర్ర లేకుండా నడుస్తూనే ఉంటాను. ఆడబిడ్డకు రేపు ఫోను చేసి చెప్పాలి. ఆ తర్వాత పెద్దక్క వస్తుంది. మా పెరటి బండల మీద ఇద్దరం నడవాలి, తలుపు తీసిపెట్టి.

ఏమండీ, ఎప్పుడైనా సామాన్లు సర్దుతూ ఈ పుస్తకం మీ చేతికొస్తే, పారెయ్యొద్దు. మళ్లీ నా నోటికి గొప్ప మాట వచ్చినప్పుడు చదువుకోవడానికి నాకిది కావాలి. కాని ఎవరికీ చూపొద్దు, అయ్యగారికి కూడా. నా సంగతి ఇప్పుడు ఊరందరికీ తెలుసు, అందుకు కాదు. పెద్దక్క ఆటోలో కొంగు అడ్డం పెట్టుకుని చెప్పిన మాట ఇందులో ఉంది. అది ఆమె నాకు మాత్రమే చెప్పింది.